గజం ధర అడగండి, ఇంకేమీ అడగొద్దు

హైదరాబాద్ చుట్టుపక్కల నాలుగు గజాలు కొనుక్కుందామనుకునే మధ్యతరగతి మనిషికి ధైర్యం చెప్పేవాళ్లు కరువయ్యారు. పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు చూశావా, తాకట్లేమైనా ఉన్నాయేమో చూపే ఈసీ తీశావా, అమ్మకూడని భూముల నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకున్నావా అని ఒకటే నస. ఇన్ని అనుమానాలుంటే భూమి ఎప్పటికి కొంటారు? కాబట్టి ఆ ప్రోత్సాహమేదో నేనే ఇస్తున్నాను.

ముందుగా ప్రీ-లాంచ్, అంటే అనుమతులు రాకముందే ఫ్లాట్లు అమ్మేయడం. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం రెరాలో రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టుకు ప్రకటనలివ్వకూడదు, బుకింగులు తీసుకోకూడదు. అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందు 10 శాతానికి మించి పుచ్చుకోకూడదు. కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో వేసి ఆ ప్రాజెక్టుకే వాడాలి. ఇలా కాళ్లూ చేతులూ కట్టేస్తే పాపం బిల్డర్ ఎలా బతకాలి? బ్యాంకుకు వెళ్తే వడ్డీ అంటుంది, తాకట్టు అంటుంది. మీరు అవేవీ అడగరు. మొత్తం ఒకేసారి కడితే సగం ధరకే ఫ్లాటు అనగానే పీఎఫ్ తీసి, ఇంట్లో బంగారం కుదువబెట్టి మరీ ఇచ్చేస్తారు. బదులుగా ఒక రసీదు, ఒక రంగుల బ్రోచర్ వస్తాయి. అందులో స్విమ్మింగ్ పూల్ పక్కన కూర్చున్న దంపతులెవరో మీకూ తెలియదు, బిల్డర్‌కూ తెలియదు. ఆ ప్రాజెక్టులో ఇంతవరకూ గృహప్రవేశం చేసింది మాత్రం వాళ్లే.

ఆదివారం సైట్ విజిట్‌కు తప్పక వెళ్లండి. ఏసీ కారు వాళ్లదే, బిర్యానీ వాళ్లదే. ఆర్చి దాటగానే ఫోన్‌లో దిక్సూచి తీసి తూర్పు ఫేసింగో కాదో చూడండి. ఈశాన్యం పెరిగిందా, వీధిపోటు ఉందా అని సిద్ధాంతిగారికి వీడియో కాల్ చేయండి. సర్వే నంబరు మాత్రం అడక్కండి. వాళ్ల బిర్యానీ తింటూ అడిగే ప్రశ్నా అది? ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలంటే తెల్లవారుజామున మూడింటి లెక్క అని మీరే సర్దుకోవాలి. రీజినల్ రింగ్ రోడ్డు ఎక్కడంటే సేల్స్ కుర్రాడు చెయ్యి చాపి చూపిస్తాడు. ఆ వేలు ఎటుంటే రోడ్డు అటే. ప్రభుత్వం గీసిన అలైన్‌మెంట్ ఎటన్నా పోనివ్వండి.

చెరువు పక్క వెంచర్‌ను ఎండాకాలంలోనే చూడాలి. శిఖం భూమి, అదే చెరువు నీళ్లు నిలిచే భూమి, అప్పుడు చక్కగా ఎండి, చదునుగా, రాళ్లు పాతడానికి అనువుగా ఉంటుంది. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ కట్టడాలు కూడని మేర) అనే మాటలు అందరి నోటా పలికించింది గానీ, అంతకుముందు జనం హాయిగా ఇళ్లు కట్టుకోలేదా?

లేఅవుట్‌కు అనుమతి లేదా? బెంగ వద్దు. 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్‌ఆర్‌ఎస్‌కు, అంటే అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకానికి, దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు 2025లో ఫీజు మీద 25 శాతం రాయితీ ఇచ్చారు. ఐదేళ్ల ఎదురుచూపుకు 25 శాతం. దీన్ని రాబడి కింద రాసుకోవచ్చు.

అన్నీ బెడిసికొట్టి, ఫ్లాటూ రాక డబ్బూ రాక టెన్షన్ పడుతుంటే దానికీ దారుంది. కంపెనీవాళ్లే చెబుతారు: ‘ఇంకో నలుగుర్ని తీసుకురండి సార్, వాళ్లు కట్టగానే మీది సెటిల్ చేస్తాం, పైన కమీషన్ కూడా ఇస్తాం.’ బావమరిది ఉన్నాడు, తోడల్లుడు ఉన్నాడు, ఆఫీసులో ఈమధ్యే రిటైరైన పెద్దాయన ఉన్నాడు. ఆయన చేతికి గ్రాట్యుటీ ఇంకా పడలేదు, తొందరపడి మాట చెడగొట్టుకోకండి.