వీడియో కాల్‌లో కనిపించని ఆయాసం

ఆదివారం పొద్దున అమెరికా నుంచి ఇండియాలోని అమ్మానాన్నలకి వీడియో కాల్ చేసి "ఎలా ఉన్నారు?" అని అడుగుతాం. "మాకేంరా, బాగానే ఉన్నాం" అంటారు. అది అబద్ధమేమీ కాదు. సోఫాలో కూర్చున్న మనిషికి బాగానే ఉంటుంది. గుండెలో అయోర్టిక్ వాల్వ్ అనే ద్వారం ఇరుకైనవాళ్లతో వచ్చే చిక్కే ఇది. కూర్చుంటే ఏమీ తెలియదు, మెట్లెక్కితే ఆయాసం. దాంతో మెట్లెక్కడం మానేస్తారు, ఆయాసం రాదు, రోగం లేదనుకుంటారు.

అందుకని కాల్ చేసినప్పుడు ఈ మధ్య ఏమేం మానేశారో అడగండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకి చేరిన నాన్న ఈసారి బస్సులో వెళ్లారా? రైతుబజారుకి నడిచి వెళ్లే అమ్మ ఆటో ఎక్కుతోందా? నడుస్తుంటే ఛాతీ పట్టేసిందా, కళ్లు తిరిగి పడిపోయారా? మన ఇళ్లలో "వయసు కదా", "గ్యాస్ అయ్యుంటుంది" అనే రెండు మాటల చాటున చాలా రోగాలు ముదిరిపోతాయి.

గుండె నుంచి ఒంటికంతా రక్తం వెళ్లే ద్వారం ఈ వాల్వ్. మామూలుగా 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. వయసు మీదపడ్డాక ఆ ద్వారాన్ని తెరిచి మూసే రెక్కల మీద కాల్షియం పేరుకుని 1 చదరపు సెంటీమీటరుకో అంతకన్నా తక్కువకో దిగితే సివియర్ అంటారు. పుట్టుకతోనే మూడు రెక్కలకి బదులు రెండే ఉన్నవాళ్లకి ఇంకా ముందే వస్తుంది. అలాంటివాళ్లు నూటికి ఒకరో ఇద్దరో ఉంటారు. మన దేశంలో చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం కూడా ఒక కారణం.

డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి శ్రద్ధగా వింటే మర్మర్, అంటే గుండె చప్పుడులో తేడా శబ్దం, చాలావరకు తెలిసిపోతుంది. తేల్చి చెప్పేది గుండెకి తీసే స్కాన్, 2డి ఎకో. ఈసీజీ నార్మల్‌గా ఉందనో, యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవనో ఊరుకుంటే కుదరదు, వాటిలో వాల్వ్ సంగతి తేలదు. ఆయాసమూ మర్మర్ రెండూ ఉన్న మనిషిని ఎకో తీయకుండా ట్రెడ్‌మిల్ ఎక్కించడం మరీ ప్రమాదం.

ఆ తర్వాత చుట్టాల సలహాలు మొదలవుతాయి. "స్టెంట్ వేస్తే సరిపోదా?" సరిపోదు, స్టెంట్ రక్తనాళానికి. "మందులతో తగ్గదా?" తగ్గదు. కొలెస్ట్రాల్‌కి ఇచ్చే స్టాటిన్లతో ఆగుతుందేమోనని పరీక్షించారు, ఆగలేదు. ఇంకా సివియర్ కాకుండా, లక్షణాలు లేకపోతే కంగారేం లేదు. మైల్డ్ అయితే 3 నుంచి 5 ఏళ్లకోసారి, మోడరేట్ అయితే ఏడాదికో రెండేళ్లకో ఎకో తీయించుకుంటే చాలు. సివియర్ అయ్యి లక్షణాలు మొదలయ్యాక మాత్రం వాల్వ్ మార్చాల్సిందే. మార్చకపోతే చాలామంది రెండు మూడేళ్లకి మించి బతకరు.

"ఈ వయసులో గుండె కోయించడమా" అనే భయం ఒకప్పుడు న్యాయమే. 2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో డాక్టర్ అలాన్ క్రిబియే ఛాతీ తెరవకుండా, రక్తనాళం గుండా కొత్త వాల్వ్ పెట్టి చూపించాడు. అదే టావీ. అమెరికాలో 2011లో ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకి, 2019లో రిస్క్ తక్కువున్నవాళ్లకి కూడా అనుమతి వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు. ఖర్చు ఎక్కువే. వయసు తక్కువైతే ఓపెన్ సర్జరీయే మంచిదనవచ్చు. మెటల్ వాల్వ్ పెడితే జీవితాంతం రక్తం పలుచబరిచే మందు వాడాలి. పాలకూర ఆ మందు పనిని తగ్గిస్తుంది. అలాగని పూర్తిగా మానక్కర్లేదు, ఒకరోజు గిన్నెడు తిని వారమంతా ముట్టకపోవడమే ఇబ్బంది.

ఇవన్నీ తూచి నిర్ణయించాల్సింది ఎవరు? అమెరికాలో కొడుకు, హైదరాబాద్‌లో అల్లుడు వాట్సాప్ గ్రూపులో వాదించుకుంటారు. అసలు మనిషికి మాత్రం "టెన్షన్ పడతారు" అని రిపోర్ట్ చూపించరు. ఇది నాకు అస్సలు నచ్చని పని. ఊళ్లో పొలం అమ్మకాలు, పెళ్లి సంబంధాలు తేల్చిన మనిషికి తన గుండె గురించి చెప్పకపోవడమేమిటి?

అమ్మానాన్నలకి టికెట్ తీసేముందు అక్కడే ఒక ఎకో చేయించండి. ఇక్కడికొచ్చాక బయటపడితే, పాత జబ్బు అంటూ విజిటర్ ఇన్సూరెన్స్ చేతులెత్తేయొచ్చు. ఇక ఇక్కడి మన తెలుగు సంఘం కార్యవర్గానికి ఒక మాట. హెల్త్ క్యాంపులో బీపీ, షుగర్ టేబుళ్లు ఎలాగూ పెడుతున్నాం. వాటి పక్కన ఇంకో కుర్చీ వేసి, పెద్దవాళ్ల గుండె వినడానికి ఒక డాక్టర్‌ని కూర్చోబెట్టండి. మర్మర్ ఉన్నవాళ్లకి తక్కువలో ఎకో ఎక్కడ తీస్తారో ఆ లిస్టు కూడా ఇవ్వండి.