ఏసీ కన్ను గీటితే కలుగు ఫలితములు

మన దేశంలో తంతి కొట్టే టెలిగ్రాం సర్వీసు 2013 జూలైలో మూసేశారు. మా ఇంట్లో మాత్రం అది మొన్న రోహిణి కార్తెలో, రాత్రి పదకొండున్నరకి, మంచానికి ఎదురుగోడ మీద మళ్లీ మొదలైంది. ఏసీలో పచ్చలైటు కొట్టుకోవడం మొదలుపెట్టింది. కొట్టుకుంటుంది, ఆగుతుంది, మళ్లీ కొట్టుకుంటుంది. గాలి వస్తోంది కానీ అది విజయవాడ గాలే, కృష్ణ ఎండిపోయిన రేవులో నిలబడితే మొహాన కొట్టేలాంటిది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇప్పుడు రోళ్లెవరింట్లో ఉన్నాయి, అందుకని ఏసీలు పగులుతున్నాయి.

నేను చదువుకున్నవాణ్ని కదా, బీరువాలోంచి మాన్యువల్ తీశాను. అందులో అవుట్‌డోర్ యూనిట్ మీద ఎక్కి కూర్చోవద్దని బొమ్మ వేసి మరీ చెప్పారు. తడిచేత్తో ప్లగ్గు ముట్టుకోవద్దన్నారు. లైటు గురించి వెతికితే ఆఖరి పేజీలో ఒకే ఒక్క వాక్యం: లైటు మిణుకుమిణుకుమంటే అధీకృత సర్వీస్ సెంటర్‌ని సంప్రదించండి. అయిపోయింది. ఎన్నిసార్లు కొట్టుకుంటే ఏమిటన్నది లేదు.

ఇంతకంటే మా అత్తయ్యగారి పంచాంగం నయం. మగవాళ్లకి కుడికన్ను అదిరితే ఏమిటి, ఎడమకన్ను అదిరితే ఏమిటి, బల్లి భుజం మీద పడితే ఏమిటి, పాదం మీద పడితే ఏమిటి, వరసగా పట్టిక వేసి ఇస్తారు. నమ్మడం నమ్మకపోవడం మనిష్టం, కానీ పట్టిక దాచిపెట్టి "బల్లి పడితే అధీకృత సిద్ధాంతిగారిని సంప్రదించండి" అని ఏ పంచాంగకర్తా ఇంతవరకూ రాయలేదు.

సరే, ముందు లెక్కపెడదాం అనుకున్నాం. ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరాం. ఫ్యాను ఆపేశాం, ఎందుకంటే ఫ్యాను చప్పుడులో లైటు సరిగ్గా కనపడదని మా ఆవిడ వాదన. దీనికి జవాబు చెప్పే ఓపిక ఎవరికీ లేదు. గ్యాసు బిల్లు వెనక నేను గీతలు గీస్తున్నాను. నాకు ఆరొచ్చింది. ఆవిడకి ఏడొచ్చింది. మొదటిది నేను రెప్ప వేసినప్పుడు పోయిందని ఆవిడ, అది మొదటిది కాదు పోయినసారి ఆఖరిదని నేను. గ్యాప్‌కి ముందుదా, గ్యాప్ తరవాతదా? పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఏ ఆస్తి విషయంలోనూ ఇంత గట్టిగా దెబ్బలాడుకోలేదు. ఇంటర్ చదివే మావాడు ఫోన్లో వీడియో తీసి, స్లో మోషన్లో పెట్టి, ఫోరెన్సిక్ వాళ్లలాగా ఒక్కో ఫ్రేమూ చూసి, "ఏడే నాన్నా, కానీ నాలుగోది కొంచెం పొట్టిగా ఉంది, అది లెక్కలోకి వస్తుందా?" అన్నాడు. వస్తుందో రాదో ఎవర్నడగాలి?

అత్తయ్యగారు అప్పటిదాకా మాట్లాడలేదు. గోడకి ఆనుకుని కూర్చుని వేళ్ల కణుపుల మీద లెక్కపెడుతున్నారు. ఎంతొచ్చిందండీ అంటే కళ్లు తెరవకుండా "ఎనభై ఒకటి" అన్నారు.

"గ్యాప్ వచ్చినప్పుడు ఆపి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి అత్తయ్యగారూ."

"జపం మధ్యలో ఆపకూడదు బాబూ. నూట ఎనిమిది అయ్యాక చెబుతానుండు."

ఏడు అని ఖాయం చేసుకున్నాం, మెజారిటీ తీర్పు. ఖాయం చేసుకుని ఏం చెయ్యాలో తెలీక పడుకున్నాం. చీకట్లో అది ఏడుసార్లు కన్ను గీటుతూనే ఉంది. నీలం ఎల్ఈడీ కనిపెట్టినవాళ్లకి 2014లో నోబెల్ ఇచ్చారు. పచ్చదానికి ఇచ్చినట్టు లేదు, ఇవ్వకపోవడమే మంచిదైంది.

పక్కన రిమోటు చూస్తే అందులో 24 అని హాయిగా కనిపిస్తోంది, మంచు పువ్వు గుర్తుతో సహా. గదిలో ముప్పై ఆరుంది. రిమోటు తప్పేం లేదు, దానికి చెప్పడమే తెలుసు, వినడం రాదు. మనం నొక్కింది మెషిన్‌కి పంపిస్తుంది, తను ఏం పంపిందో అదే తెర మీద చూపించుకుని మురిసిపోతుంది. అవతల మెషిన్ బతికుందో చచ్చిందో దానికి తిరిగి కబురు రాదు. ఇలాంటి అధికారుల్ని మనం చాలామందిని చూశాం కాబట్టి దీని మీద ఎక్కువ రాయను.

అన్ని కంపెనీలూ లైట్లే కొట్టవు, కొన్ని అంకెలు చూపిస్తాయి. కానీ ఒక కంపెనీలో E1 అంటే ఒక రోగం, ఇంకో కంపెనీలో అదే E1 అంటే వేరే రోగం. ఇంకో రకం మరీ దాగుడుమూతలు. రిమోటులో క్యాన్సిల్ బటన్ అయిదు సెకన్లు నొక్కి పట్టుకోవాలి, అప్పుడు కోడ్‌లు ఒక్కొక్కటీ తిప్పుకుంటూ పోవాలి, సరైన కోడ్ తగిలినప్పుడు మెషిన్ పొడుగ్గా బీప్ అంటుంది. నీ రోగమేంటమ్మా అంటే నువ్వే చెప్పుకో చూద్దాం అనే పేషెంటు. టెలిగ్రాం చుక్కల భాషకి పేరిచ్చిన మోర్స్ 1844లో వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి తంతి కొట్టినప్పుడు ఏ చుక్కకి ఏ అక్షరమో దాచుకోలేదు, అందుకే అది లోకమంతా పాకింది.

మర్నాడు కస్టమర్ కేర్. తెలుగు కోసం మూడు నొక్కాను, హిందీలో పలికారు. లైటు ఏడుసార్లు కొట్టుకుంటోందని చెప్పబోతే అవసరం లేదు సార్, సీరియల్ నంబర్ చెప్పండి అన్నారు. రాత్రంతా మేం చేసిన పరిశోధన వాళ్లకి అక్కర్లేదు. సీరియల్ నంబర్ యూనిట్ పక్కన, గోడకీ దానికీ మధ్య జానెడు సందులో అంటించారు. అది చదవాలంటే బల్లి అయి పుట్టాలి.

సాయంత్రానికి ఒకాయన వచ్చాడు. లైటు వైపు చూడలేదు, పైకి ఒకసారి చెయ్యి చాపి గాలి పట్టుకుని "గ్యాస్ అయిపోయింది సార్, 3,500" అన్నాడు. అయిపోవడానికి అదేమన్నా వంటగ్యాసా అయ్యా? రాగి గొట్టాల్లో సీలు వేసిన గ్యాసు, ఇంటికీ బయటికీ తిరుగుతూనే ఉంటుంది, ఖర్చవదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది, లీకు మూయకుండా గ్యాసు నింపితే అది మళ్లీ పోతుంది, ఏటా 3,500 వాళ్లకి వస్తూనే ఉంటుంది. ఆ మాటే అన్నాను. "అయితే బోర్డు పోయుంటుంది సార్" అన్నాడు వెంటనే, అంతే ధీమాగా. విజిటింగ్ చార్జి 590 తీసుకుని వెళ్లిపోయాడు.

రెండోరోజు ఇంకో కుర్రాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. వస్తూనే లైటు కింద నిలబడి పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. నాకు కళ్లు చెమర్చాయి. "ఏడు సార్" అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. కుర్రాడు ఫోన్ తీసి గ్యాలరీలో ఒక ఫొటో తెరిచాడు. మసకమసకగా, ఎవరో ఎవరికో వాట్సాప్‌లో పంపగా పంపగా అరిగిపోయిన పేజీ. ఒకసారి కొడితే గది సెన్సర్, రెండుసార్లయితే కాయిల్ సెన్సర్, అయిదంటే లోపలి ఫ్యాన్ మోటార్, ఏడంటే ఇండోరూ అవుట్‌డోరూ మాట్లాడుకోవట్లేదు. పట్టిక! అరపేజీ పట్టిక!

నాకు నవ్వు ఆగిపోయింది అక్కడే. నలభై రెండు వేలు పోసి కొన్నాను. దాని లోపల చిన్న కంప్యూటరుంది, గది వేడి ఎంత, కాయిల్ వేడి ఎంత, కంప్రెసర్ ఎంత కరెంటు లాగుతోంది, ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోంది, క్షణక్షణం చూసుకుంటూనే ఉంటుంది. దాని జబ్బు దానికి తెలుసు. చెబుతోంది కూడా. ఏ భాషలో చెబుతోందో అది మాత్రం డబ్బు కట్టినవాడికి తెలియకూడదు! వందో రెండొందలో చేసే సెన్సర్ పోయినా, వైరు వదులైనా, మనం గుడ్డివాళ్లలా ఎవడొచ్చి ఏం చెబితే దానికి తలూపాలి. గ్యాస్ అంటే గ్యాస్, బోర్డంటే బోర్డు. అరవై ఏళ్ల పెన్షనరు ఇంట్లో ఒంటరిగా ఉంటే ఆ 3,500 పోయినట్టే కదా. ఇది పొరపాటున మర్చిపోయింది కాదు, కావాలని మూసి ఉంచిన పేజీ. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న ఏసీ ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని కేంద్రం నిబంధన పెడితే అన్ని కంపెనీలూ నోరు మూసుకుని పాటించాయి. కంపెనీలు మరమ్మతు వివరాలు జనానికి చెప్పడానికని 2022లో మరమ్మతు హక్కు పోర్టల్ అని కూడా ఒకటి తెరిచారు, గృహోపకరణాలూ అందులో ఉన్నాయి. ఏసీ మొహాన విస్తరాకంత స్టార్ స్టిక్కరు అంటించడానికి చోటుంది, ఈ అరపేజీకి లేదా?

ఇంకోటి. మా అవుట్‌డోర్ యూనిట్ కిటికీ అవతల సన్‌షేడ్ మీద ఉంది. అయిదో అంతస్తు. నిలబడటానికి మూరెడు చోటు లేదు. ఆ బిల్డరు ఏసీ పాయింట్లు ఇచ్చాడు, బ్రోచర్లో వేసుకున్నాడు, దాన్ని బాగుచేసే మనిషి ఎక్కడ నిలబడాలో ఆలోచించలేదు. కుర్రాడు చెప్పులు విప్పి, స్క్రూడ్రైవర్ నోట కరుచుకుని, ఒక కాలు కిటికీలో ఒక కాలు అవతల పెట్టి దిగాడు. బెల్టు లేదా బాబూ అంటే "ఇవ్వలేదండి" అన్నాడు. నేను వాడి చొక్కా పట్టుకున్నాను. నా చేతిలో చొక్కా తప్ప ఇంకేమీ లేదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. మాన్యువల్‌లో మాత్రం అవుట్‌డోర్ యూనిట్ మీద కూర్చోవద్దని బొమ్మ.

మూత తీసి చూసి నవ్వాడు. బోర్డు మీద బల్లి. నల్లగా మాడిపోయి, రెండు టెర్మినళ్ల మధ్య అడ్డంగా పడుకుని ఉంది. చల్లగా ఉంటుందని దూరిందో, పురుగుల కోసం దూరిందో. బోర్డు 9,200 సార్, కంప్రెసర్‌కి పదేళ్లు వారంటీ కానీ బోర్డుకి ఏడాదే, మీది అయిపోయింది అన్నాడు.

అత్తయ్యగారు కిటికీ దగ్గరికొచ్చారు. "బల్లి ఏ వైపు పడింది నాయనా, కుడివైపా ఎడమవైపా?"

వాడు సన్‌షేడ్ మీద ఒంటికాలి మీద నిలబడి నిజంగానే తొంగి చూసి చెప్పాడు. "కెపాసిటర్ పక్కనండి మామ్మగారూ. ఎడమవైపే."

"ధననష్టం" అన్నారావిడ. ఒక్క క్షణం పట్టలేదు, విజిటింగ్ చార్జీ తీసుకోలేదు.

మర్నాడు వాడు కొత్త బోర్డు తెచ్చి అట్టపెట్టె విప్పుతుంటే ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. "బిగించే ముందు ఒకసారి ఇలా పట్టు నాయనా, కంచిలో బంగారు బల్లిని ముట్టుకున్న చెయ్యి ఇది." ఆ కుర్రాడు ఏమీ అనలేదు. బోర్డు రెండు చేతులతో పట్టుకుని, ఆవిడ ముందు వంగి, "అంచు మీదే ముట్టుకోండి మామ్మగారూ, పార్టుల మీద వద్దు" అన్నాడు.