కీమో అయ్యాక మరుపు అందరికీ పోదు
క్యాన్సర్‌కి ఇచ్చే కీమో మందులు ఆపిన కొన్ని నెలలకే, ఆ సమయంలో వచ్చే మతిమరుపు పూర్తిగా పోతుందని ఒక వ్యాసంలో రాశారు. చాలామందికి తగ్గే మాట నిజమే గానీ, అందరికీ కాదు. అమలాపురం దగ్గర ఉండే మా వదిన కొబ్బరి దింపు లెక్కలన్నీ నోటితోనే చెప్పేది. రొమ్ము క్యాన్సర్‌కి కీమో అయ్యాక, కూలి డబ్బులు ఇచ్చిందో లేదో కూడా పుస్తకం చూసుకోవాల్సి వస్తోంది. ఇంట్లోవాళ్లేమో వయసు మీద పడిందని తేల్చేశారు (నలభై దాటాయంతే!). అలాగని తప్పంతా కీమోదే అనలేం. కొందరిలో మందు ఎక్కించకముందే ఈ తేడా కనబడుతుంది. క్యాన్సర్ మళ్లీ రాకుండా తర్వాత ఏళ్ల తరబడి వాడే టామోక్సిఫెన్ లాంటి మాత్రలు, ముందే ఆగిపోయే నెలసరి, నిద్రలేమి కూడా కారణం కావచ్చు. రక్తహీనత, థైరాయిడ్ అయితే రక్తపరీక్షలో తేలిపోతాయి, వాటికి మందులున్నాయి. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ఈ మరుపు సంగతి కూడా డాక్టరుని అడగమని వదినకు చెప్పాను.