మీ ఇష్టం బావగారూ

నిన్న రాత్రి జరిగింది. నిమ్మచెక్కతో రెండుసార్లు రుద్ది కడిగినా చేతులకు ఆ వాసన ఇంకా ఉన్నట్టే ఉంది. మా ఆవిడ చూసి ఏమీ లేదంటోంది. ఉంది.

మా అల్లుడికి బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. పెళ్ళై ఏడాది నిండిందని అమ్మాయిని తీసుకుని అనంతపురం వచ్చాడు. వియ్యంకుడుగారు, వియ్యపురాలు ప్రొద్దుటూరు నుంచి దిగారు. నాటుకోడి పులుసు, రాగిసంగటి చేసుకుని ఫ్యాను కింద కూర్చుని తింటే అయిపోయే వ్యవహారం. అల్లుడు ఊరుకుంటేగా! "సాయినగర్‌లో జపాన్ హోటల్ పెట్టారు మామయ్యా. చిన్నది, ఎనిమిదే కుర్చీలు. రెండు వారాల కిందటే ఆరుగురికీ బుక్ చేసేశా" అన్నాడు.

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలైనప్పటినుంచి కొరియా అక్షరాల బోర్డులు మాకు అలవాటే. జపాన్ మాత్రం కొత్త. అదీ పచ్చి చేపట. దేశంలో జైసల్మేర్ తర్వాత వాన తక్కువ పడే జిల్లా మాదని బళ్ళో బట్టీపట్టి పెరిగినవాళ్ళం. సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. ఆ సముద్రపు చేప ఐసుపెట్టెలో బెంగళూరు నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు హైవే మీద ప్రయాణం చేసి వచ్చి, పొయ్యి మొహం చూడకుండా నేరుగా నా నోట్లోకి వస్తుందట.

తలకు 2,500 రూపాయలు. ముందే కట్టాలి, కట్టింది వెనక్కి రాదు. శనివారం నీచు ముట్టమని ఆడవాళ్ళిద్దరూ తెలివిగా తప్పుకున్నారు. అంటే మా ఆవిడ ఉపవాసం ఖరీదు 2,500. తిరుమల వెళ్ళి మొక్కు తీర్చుకున్నా అంత కాదు.

డబ్బు కట్టాక వాట్సాప్‌లో నియమావళి వచ్చింది. పదిహేను నిమిషాలు ఆలస్యమైతే సీటు పోతుంది. సెంటు పూసుకుని రాకూడదు, చేప వాసన తెలియదట. మెల్లగా మాట్లాడాలి. ఫోను సైలెంట్‌లో పెట్టాలి. నేను ముప్పై ఏళ్ళు గవర్నమెంటు ఆఫీసులో పనిచేశాను. డిపార్ట్‌మెంటు పరీక్షలకు కూడా ఇన్ని షరతులు లేవు. వీటికి మా అల్లుడు సొంతంగా ఇంకొకటి కలిపాడు. వాళ్ళ నాన్న భుజం మీద తువ్వాలు వేసుకుని రాకూడదు. ప్యాంటు, చొక్కా మాత్రమే.

ఇక్కడ ఆ తువ్వాలు సంగతి చెప్పాలి. వియ్యంకుడుగారు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ఎడమ భుజం మీద తువ్వాలు లేకుండా నేను చూసింది నిన్న ఒక్కరోజే. పెళ్ళి ఫోటోల్లో సూటు మీద కూడా అది ఉంది. చెమట పట్టినా, చెయ్యి కడిగినా, ఎవరిమీదైనా కోపమొచ్చినా ఆయన కుడిచెయ్యి దానంతట అదే ఎడమ భుజం మీదికి పోతుంది. అలాంటి మనిషి దగ్గర ఆ తువ్వాలు లాగేసుకుని, మడతపెట్టి మా దివాన్ మీద పెట్టించాడు కన్నకొడుకు. జరిగినదాంట్లో నా తప్పు ఎంతుందో ఈ కుర్రవాడి తప్పూ అంతుంది. దయచేసి గుర్తుపెట్టుకోండి.

వెళ్ళాం. తలుపుకు వేలాడదీసిన గుడ్డ తగిలి నా క్రాపు చెదిరింది. లోపల్నుంచి "ఇరస్షైమాసే!" అని ఒక్క కేక. వియ్యంకుడుగారు ఉలిక్కిపడి, సర్దుకుని, "నమస్కారం నాయనా, కూర్చుంటాం" అన్నారు. కేక వేసినవాడు ధర్మవరం అబ్బాయి. బెంగళూరులో ఈ వంట నేర్చుకున్నాడట. తలకు తెల్లగుడ్డ కట్టాడు, చేతిలో మూరెడు కత్తి.

కూర్చున్న వరస ముఖ్యం. ఎడమ నుంచి అల్లుడు, అమ్మాయి, నేను, నా కుడిపక్కన వియ్యంకుడుగారు. ఆ పక్కన మా ఆడవాళ్ళ తాలూకు 5,000 రూపాయల ఖాళీ కుర్చీలు రెండు. చివర్లో ఎవరో కుర్ర జంట. ఎదురుగా చెక్కబల్ల, దానవతల చెయ్యి చాపితే అందేంత దూరంలో వంటవాడు. చిన్న హోటలంటే ముచ్చటగా ఉంటుందనుకున్నాను. దాక్కోవడానికి చోటుండదని అప్పుడు తట్టలేదు. మామూలు హోటల్లో నచ్చనిది విస్తరి అంచుకు తోసేయొచ్చు, సర్వరు అటు తిరిగినప్పుడు కరివేపాకు కింద దాచొచ్చు. ఇక్కడ ఒక్కొక్క ముక్కే చేసి ముందు పెట్టి, మనం మింగేదాకా ఆ అబ్బాయి మన మొహంలోకే చూస్తుంటాడు. కడుపులో గుర్రుమంటే ఎనిమిది కుర్చీలకూ వినపడుతుంది. ఆరుకు.

మెనూ కార్డు అడిగాను. లేదట. "దీన్ని ఒమకాసే అంటారు మామయ్యా, అంటే 'మీ ఇష్టం' అని వంటవాడికే వదిలేయడం" అన్నాడు అల్లుడు. నాకు గుండెలో కలుక్కుమంది. ఏడాదిన్నర కిందట పెళ్ళి మాటలప్పుడు మా వసారాలో కూర్చుని ఈ వియ్యంకుడుగారే "మాకేం అడ్డం లేదు, అంతా మీ ఇష్టం బావగారూ" అన్నారు. ఆ మాట ఖరీదు ఇంకా నెలనెలా బ్యాంకుకు కడుతున్నాను.

టోక్యోలో గిన్జా అనే పేటలో, భూగర్భ రైలు స్టేషను పక్కన నేలమాళిగలో సుకియాబాషి జిరో అని పది కుర్చీల అంగడి ఉందట. హోటళ్ళకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడు వాళ్ళు దీనికి మూడు ఇచ్చారు. 2014లో ఒబామా వచ్చి తిన్నాడు. 2019లో మాత్రం, మామూలు జనానికి బుకింగే దొరకదు కాబట్టి దాన్ని గైడులోంచి తీసేశారు. ఇదంతా అల్లుడు గుసగుసగా చెప్పాడు. మామూలు జనానికి బుకింగ్ దొరక్కుండా చేసే మంచి పద్ధతి సాయినగర్‌కు ఎందుకు రాలేదో నాకర్థం కాలేదు.

తర్వాత వెదురు ట్రేలలో చుట్టిన వేడి తువ్వాళ్ళు పెట్టారు, మనిషికొకటి, కుడిపక్కన. "చేతులకు మాత్రమే, మొహం తుడుచుకోకూడదు" అని అల్లుడు పాఠం చెప్పాడు. వియ్యంకుడుగారు బుద్ధిగా తలూపారు.

మొదట గుడ్డు ముక్క వచ్చింది. ఉడికినదే, తియ్యగా ఉంది. అన్నంలో వెనిగర్ కలుపుతారట. పుల్లటి అన్నమంటే మనకు చిత్రాన్నమే కదా, పోపు లేని చిత్రాన్నం అనుకుని మింగేశాను. ఇంతేనా అనుకున్నాను.

రెండోది నారింజ రంగు. సాల్మన్. బొటనవేలంత అన్నం ముద్ద మీద దుప్పటిలా కప్పి, తడిగా, మెరుస్తూ. "ఒగేసారి నోట్లో పెట్టుకోవాల సార్, కొరకగూడదు" అన్నాడు ధర్మవరం అబ్బాయి. అల్లుడు ఎప్పట్లాగే వదల్లేదు. ఈ సాల్మన్ అసలు జపాన్ వాళ్ళు పచ్చిగా తినేది కాదట, నార్వే వాళ్ళు తమ దగ్గర మిగిలిపోతున్న చేపను 1980లలో వెంటపడి వాళ్ళకు అలవాటు చేశారట. అంటే అటు నార్వేలో అమ్ముడుపోక, ఇటు జపాన్ వాళ్ళకు అలవాటు లేక, చివరికి అనంతపురంలో నా ముందుకొచ్చిందన్నమాట. పెట్టుకున్నాను.

అన్నం దిగింది. చేప దిగలేదు.

చిన్నప్పుడు మా అవ్వ ఆదివారం పొద్దున్నే ముక్కు పట్టుకుని ఆముదం పోసేది. అప్పుడు నాలుకతో గొంతును మూసే విద్య ఒకటి నేర్చుకున్నాను. యాభై ఏళ్ళు గడిచినా గొంతు దాన్ని మర్చిపోలేదు. ముక్క నాలుక మీద చల్లగా, మెత్తగా, తన ఇంట్లో పడుకున్నట్టు పడుకుంది. అబ్బాయి నా మొహంలోకి వంగి, "ఎట్లుంది సార్?" అన్నాడు. నోరు తెరవకుండా మర్యాదగా ఎన్ని రకాలుగా తలూపొచ్చో అన్ని రకాలుగా ఊపాను. వాడికి తృప్తి కలగలేదు. "శానా మంది ఫస్టు భయపడతారు సార్. మీరు ధైర్యస్థులు" అన్నాడు.

అదృష్టవశాత్తు అన్నం గంప అందుకోవడానికి అటు తిరిగాడు. మూడు సెకన్లు దొరికాయి. నా తువ్వాలు తీసి పెదవులు అద్దుకున్నట్టు నటిస్తూ ముక్కను అందులోకి దింపేశాను. నలగలేదు, చిరగలేదు, పెట్టినది పెట్టినట్టే ఉంది. చుట్టి మళ్ళీ ట్రేలో పెట్టాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక ఫైలునైనా ఇంత నేర్పుగా మాయం చేయలేదు.

సరిగ్గా అప్పుడే వియ్యంకుడుగారి నోట్లో వసాబి అనే జపాన్ కారం పేలింది. అన్నానికీ చేపకూ మధ్య దాన్ని పూసి పెడతారు, పైకి కనపడదు. మన కారం నాలుక మీద కూర్చుని మర్యాదగా మండుతుంది, ఊరిబిండి తిన్న మనిషి నోరు తెరిచి ఉఫ్ ఉఫ్ అంటే తగ్గుతుంది. వాళ్ళది ఆవఘాటు జాతి. నాలుకతో దానికి పనిలేదు, నేరుగా ముక్కులోంచి నడినెత్తికి పోతుంది. ఎర్రకారం దోశ మీద ఇంకాస్త ఎర్రకారం అడిగే మనిషి కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. ఆయన ఏం చేస్తారు? అరవై ఏళ్ళుగా ఏం చేస్తున్నారో అదే. కుడిచెయ్యి ఎడమ భుజం మీదికి పోయింది. తడిమింది. తువ్వాలు లేదు. అది మా దివాన్ మీద ఉంది. చెయ్యి భుజం మీంచి కిందికి జారి, ఎడమపక్కనున్న వెదురు ట్రేలో పడింది.

నా ట్రే.

వద్దు అనబోయాను. ఏమని వద్దంటాను? "బావగారూ, అది నాది" అంటే పిసినారినవుతాను. "మొహానికి కాదు" అంటే అల్లుడినవుతాను. "అందులో చేప ఉంది" అనే వాక్యం ఏ వియ్యంకుడూ ఏ వియ్యంకుడితోనూ ఇంతవరకూ అని ఉండడు. పెళ్ళిలో ఈయనకు కాఫీ రెండో విడతలో అందిందని మూడు నెలలు మా ఇంటికి ఫోను లేదు. అలాంటి మనిషి నా కళ్ళముందే తువ్వాలు విప్పి, రెండు చేతులతో పట్టుకుని, నుదుటి నుంచి గడ్డం దాకా, గడ్డం నుంచి చెవుల దాకా, స్కూల్లో బోర్డు తుడిచినంత శ్రద్ధగా తుడుచుకుంటున్నారు. నేను చూస్తున్నాను. పక్కన మా అమ్మాయి కూడా చూస్తోంది. నేను దించడమూ అది చూసిందని దాని కళ్ళే చెబుతున్నాయి.

తువ్వాలు దిగింది. సాల్మన్ ఆయన కుడి కనుబొమ కింది నుంచి చెంప మీదికి అంటుకుని ఉంది. దీపం వెలుగులో మెరుస్తోంది. దాని తెల్లటి చారలు కూడా లెక్కపెట్టొచ్చు.

ఆయన వేలితో తడిమి, ఒలిచి, కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని చూశారు. ఒక పక్క తిప్పి, రెండో పక్క తిప్పి చూశారు. పరీక్ష పేపరు దిద్దే చూపు అది. నా ప్రాణాలు ఎక్కడో తాడిపత్రి బస్టాండు దగ్గర తిరుగుతున్నాయి. అప్పుడు, నా జీవితంలో ఎవరికీ చెప్పకూడదనుకుని ఇక్కడ రాస్తున్నాను, ఆయన దాన్ని నోట్లో వేసుకున్నారు.

నమిలారు. మింగారు.

"ఒరేయ్, అన్నం లేనిది ఇంకా బాగుందిరా" అన్నారు కొడుకుతో.

అల్లుడి మొహం వెలిగిపోయింది. "దాన్ని సాషిమి అంటారు నాన్నా! అసలు రుచి తెలిసినవాళ్ళు అదే అడుగుతారు" అన్నాడు. అన్నం గంపతో ఇటు తిరిగిన ధర్మవరం అబ్బాయి విషయం తెలియకపోయినా నడుం వంచి దండం పెట్టాడు. అమ్మాయి నీళ్ళు తాగుతూ పొలమారి బయటికి పరిగెత్తింది. ఏమ్మా, వసాబినా అని వియ్యంకుడుగారు ఎంతో ఆప్యాయంగా అడిగారు.

ఆ తర్వాత ఏమేం పెట్టారో, ఏమేం తిన్నానో గుర్తులేదు. అన్నీ మింగాను. తువ్వాలు దారి మూసుకుపోయింది కదా. ఇంటికొచ్చి రాత్రి పదకొండున్నరకు ఊరిబిండి, పెరుగన్నం తింటుంటే మా ఆవిడ "2,500 పెట్టి కడుపు నింపుకుని రాలేకపోయారా" అంది.

పొద్దున్నే హోటల్ వాళ్ళ దగ్గర్నుంచి వాట్సాప్‌లో మళ్ళీ ఒక ఫారం. తిన్నాక కూడా వదలరు వీళ్ళు. నక్షత్రాలివ్వాలట, ప్రశ్నలకు జవాబులు రాయాలట. నేను తెరవలేదు. వియ్యంకుడుగారు మాత్రం హెడ్మాస్టరు కదా, ఏ ఫారమూ ఖాళీగా వదలరు. పూర్తిచేసి, దాని ఫోటో మా ఇంటి గ్రూపులో కూడా పెట్టారు. 'మీకు అన్నిటికంటే నచ్చిన ఐటం ఏది?' అన్నచోట ఇలా రాశారు: 'వేడి తువ్వాలులో చుట్టి పెట్టిన చేపముక్క. నాకు పెట్టడం మరిచారు, మా బావగారి దాంట్లోది తిన్నాను.'

అమ్మాయి కింద నవ్వే బొమ్మలు ఆరు పెట్టింది. అలాంటి ఐటమే తమ దగ్గర లేదని హోటల్ వాళ్ళు అల్లుడికి ఫోన్ చేశారట. ఇప్పుడు పక్కగదిలోంచి "మామయ్యా, ఒక్క నిమిషం" అని అల్లుడు పిలుస్తున్నాడు. నేను బాత్రూమ్‌లో ఉన్నానని మా ఆవిడ చేత చెప్పించాను.