సెల్‌ఫోన్‌లోకి కన్సోల్ ఆటలు: ఏది రావాలి, ఏది వద్దు

టీవీకి తగిలించి ఆడే కన్సోల్ యంత్రాల వీడియో గేములను మొబైల్‌లోకి తేవాలా వద్దా అన్న వాదన ఎక్కువగా ఇంట్లో కన్సోల్ ఉన్నవాళ్ల మధ్యే సాగుతుంటుంది. అదే ప్రశ్నను కర్నూలులోనో అనంతపురంలోనో కూర్చుని వేసుకుంటే దాని రూపం మారిపోతుంది. 2021 ఫిబ్రవరిలో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ప్లేస్టేషన్ 5 కన్సోల్‌లో డిస్కు పెట్టుకునే రకం ధర అప్పట్లో 49,990 రూపాయలు. దాని మీద ఆడే పెద్ద ఆటల్లో కొన్ని ఒక్కొక్కటీ 4,999 రూపాయలు. రాయలసీమ పట్టణాల్లో ఈ ధరకు కొనగలిగిన ఇళ్లు తక్కువ. ఇక్కడ ఒక తరానికి కన్సోల్ అంటే బజారులో దొరికిన క్యాసెట్ల టీవీ గేమ్, ఆ తర్వాతి తరానికి గంట లెక్కన డబ్బు కట్టి ఆడుకున్న గేమ్ సెంటర్. ఇంట్లో సొంతంగా ఉన్న ఆట యంత్రం సెల్‌ఫోన్ ఒక్కటే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరలు పడిపోయాక ఆ యంత్రం ఆర్ట్స్ కాలేజీ మైదానం గోడ మీద కూర్చున్న ప్రతి కుర్రాడి చేతిలోకీ చేరింది. కాబట్టి ఈ ఆటలు మొబైల్‌లోకి రావాలా అని అడిగితే రావాలనే నా సమాధానం. అయితే కన్సోల్ ఆటలో రెండు గుణాలు ఉన్నాయి. ఒకటి దాని బొమ్మల భారీతనం. రెండోది, ఒకసారి డబ్బు కడితే మొదలూ చివరా ఉన్న పూర్తి ఆట చేతికి రావడం. మొబైల్ దాకా రావాల్సింది రెండోదైతే, కంపెనీలు ఇన్నాళ్లుగా మోసుకొస్తున్నది మొదటిది.

భారీతనం ఎందుకు నిలవదో చెప్పడానికి మన ఎండలు చాలు. ఆటలో ఉన్నప్పుడు ప్లేస్టేషన్ 5 దాదాపు 200 వాట్ల కరెంటు తీసుకుంటుంది, ఆ వేడిని బయటికి తోయడానికి లోపల పెద్ద ఫ్యాన్ తిరుగుతుంటుంది. మామూలు సెల్‌ఫోన్‌కు ఫ్యాన్ లేదు; 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో నిలవుండే శక్తి మొత్తం 19 వాట్ అవర్లకు అటూఇటూ. చిప్ ఎంత గొప్పదైనా వేడి ఒక హద్దు దాటగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పటిదాకా నున్నగా సాగిన ఆట ఆగి ఆగి నడుస్తుంది. చుట్టూ 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నచోట తన ఫోన్లను వాడమని ఆపిల్ స్వయంగా చెబుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలైన కర్నూలు మధ్యాహ్నానికి ఆ సూచన ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. ప్రకటనల్లో కనిపించే బొమ్మ ఏసీ గదిలో ఉన్నవాడికే అందుతుంది.

వేడి కన్నా పెద్ద చిక్కు చేతులది. మన పిల్లలు రిమోట్ అని పిలుచుకునే కంట్రోలర్ మీద రెండు జాయ్‌స్టిక్‌లు, ముందువైపు నాలుగు బటన్లు, వెనక చూపుడువేళ్ల కింద మరో నాలుగు ఉంటాయి. ఆడేవాడి కళ్లు తెర మీదే ఉంటాయి, ఏ బటన్ ఎక్కడుందో వేళ్లకే తెలుసు. ఫోన్‌లో ఆ బటన్లన్నీ తెర మీదికే ఎక్కుతాయి. తడిమి గుర్తుపట్టడానికి అక్కడ నున్నటి గాజు తప్ప ఏమీ ఉండదు, పైగా చూడాల్సిన చోటును బొటనవేళ్లే కప్పేస్తాయి. టీవీకి ఎదురుగా కూర్చుని చదవడానికి వేసిన అక్షరాలు ఆరంగుళాల తెర మీద చీమల్లా కనిపిస్తాయి. వీటిలో ఏదీ చిప్ వేగం పెంచితే తీరేది కాదు. ఆటను మళ్లీ కట్టుకోవలసిందే.

ఈ తేడా తెలియడానికి కాల్ ఆఫ్ డ్యూటీ అనే తుపాకుల ఆట పేరుతో వచ్చిన రెండు మొబైల్ ఆటల కథ చూడాలి. 2019 అక్టోబరులో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్‌ను చైనాకు చెందిన టెన్సెంట్ వారి టిమి స్టూడియో ఫోన్ కోసమే తయారుచేసింది. తుపాకీ శత్రువు మీదికి తిరగగానే దానంతటదే పేలే సదుపాయం మొదలు, చిన్న తెరకూ తక్కువ సమయానికీ తగిన పోటీల దాకా అన్నీ అందుకు తగ్గట్టే కుదిరాయి. 2024 మార్చిలో వచ్చిన వార్‌జోన్ మొబైల్ దారి వేరు. కన్సోల్‌లో ఉన్న అనుభవాన్ని ఉన్నదున్నట్టు, ఆటగాడి స్థాయితో, ఆయుధాలతో సహా ఫోన్‌లోకి తెస్తామన్నదే దాని వాగ్దానం. ఫోన్ కాలిపోతోందని, బ్యాటరీ ఇట్టే అయిపోతోందని ఆడినవాళ్లు మొత్తుకున్నారు. 2025 మే నెలలో దాన్ని యాప్ స్టోర్ల నుంచి తీసేస్తూ, పీసీ, కన్సోల్ ఆటగాళ్ల దగ్గర అందుకున్న అంచనాలను మొబైల్ ఆటగాళ్ల దగ్గర అందుకోలేకపోయామని దాన్ని తెచ్చిన యాక్టివిజన్ కంపెనీయే ఒప్పుకుంది. పేరు ఒకటే, డబ్బుకు కొదవ లేదు, ముందొచ్చిన ఆట మాత్రమే నిలిచింది. మనవాళ్లకు బాగా తెలిసిన పబ్‌జీదీ ఇదే పాఠం: 2017లో పీసీ మీద పుట్టిన ఆ ఆట 2018లో ఫోన్‌లోకి వచ్చినప్పుడు, దొరికిన సామాను దానంతటదే సంచిలోకి చేరేలా, శత్రువు అడుగుల చప్పుడు మ్యాప్ మీద గుర్తుగా కనిపించేలా మారింది. నిషేధాలూ పేరు మార్పులూ దాటుకుని బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా)గా అది నిలదొక్కుకోవడంలో ఆ మార్పుల వాటా చిన్నది కాదు.

ఇక డబ్బు సంగతి. నా దృష్టిలో అసలు తగువు ఇక్కడే ఉంది. 2016 డిసెంబరులో నింటెండో సూపర్ మారియో రన్‌ను తెచ్చినప్పుడు మొదటి కొన్ని దశలను ఉచితంగా ఆడనిచ్చి, మిగిలిన ఆటకు ఒకే ధర పెట్టింది. కోట్ల మంది దించుకున్నారు, డబ్బు కట్టినవాళ్లు మాత్రం కంపెనీ ఆశించినంత లేరు. రెండు నెలల తర్వాత అదే కంపెనీ తెచ్చిన ఫైర్ ఎంబ్లెమ్ హీరోస్ డౌన్‌లోడ్లలో దాని దరిదాపుల్లోకి రాకపోయినా రాబడిలో దాన్ని దాటేసింది, ఎందుకంటే అందులో పాత్రల కోసం లాటరీ తీసినట్టు మళ్లీ మళ్లీ డబ్బు పెట్టాలి. ఆ లెక్క చూశాక ఏ కంపెనీకైనా నోరూరడం సహజం. 2022లో డయాబ్లో ఇమ్మోర్టల్ సరిగ్గా ఆ దారినే పట్టి, ఏళ్ల తరబడి డయాబ్లో ఆటలను ప్రేమించినవాళ్ల చేతనే తిట్లు తిన్నది. కన్సోల్ పేరును ఎరగా పెట్టి జేబులో చెయ్యి పెట్టే ఈ వ్యాపారాన్ని మొబైల్‌లోకి ఆట తేవడం అనలేం.

మన ఇళ్లలో దీని బరువు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఫోన్ ఇక్కడ పిల్లవాడిది కాదు, తండ్రిది; యూపీఐ కూడా అందులోనే ఉంటుంది. డబ్బు పందెం కట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది, అంతకు ఐదేళ్ల ముందే మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని అడ్డుకుంది. పందెం కాకుండా, ఆటలో వాడే వస్తువుల అమ్మకం పేరుతో జరిగే ఖర్చు వేరే సంగతి, దాని మీద తల్లిదండ్రుల నిఘా తప్ప ఇంకో అడ్డు పెద్దగా లేదు. సెల్ పట్టుకుంటే వదలడం లేదని వాపోయే అమ్మానాన్నలు గమనించాల్సిన తేడా ఒకటుంది. రోజూ రప్పించుకోవడానికే కట్టిన ఆటకు ముగింపు ఉండదు. కథ నడిపే కన్సోల్ ఆట పది గంటలకో ముప్పై గంటలకో అయిపోతుంది. పైగా చాలావాటికి ఆడుతున్నంతసేపూ నెట్ అక్కర్లేదు, సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో ఇదేమీ చిన్న సౌకర్యం కాదు.

బాగా వచ్చినవీ లేకపోలేదు. 2014 నాటి ఏలియన్ ఐసోలేషన్‌ను ఫెరల్ ఇంటరాక్టివ్ సంస్థ 2021 డిసెంబరులో ఫోన్‌లోకి తెచ్చినప్పుడు, తెర మీది ప్రతి బటన్‌నూ ఆడేవాడు తన వేళ్లకు అనువుగా జరుపుకునేలా, పెంచుకునేలా ఏర్పాటు చేసింది. ఆట మొత్తం ఒకే ధర. స్టార్‌డ్యూ వ్యాలీ అనే సేద్యపు ఆటలో పీసీ మీదైనా కన్సోల్ మీదైనా రోజు ముగిసి పాత్ర నిద్రపోతే తప్ప ఆట భద్రం కాదు, ఫోన్‌లో మాత్రం మధ్యలో ఆపేసినా పోదు. ఫోన్ మోగితే తీయాల్సిన మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసిన మార్పు అది. 2004లో ప్లేస్టేషన్ 2 కోసం వచ్చిన జీటీఏ శాన్ ఆండ్రియాస్ 2013 చివర్లో ఫోన్‌కు చేరింది. కారు నడపడం ఇప్పటికీ ఇబ్బందే అయినా దాన్ని ఆడినవాళ్లు మన జిల్లాల్లోనూ కావలసినంత మంది.

వీటికి ఎదురుగా 2023 నుంచి ఐఫోన్ 15 ప్రో కోసం వరుస కట్టిన రెసిడెంట్ ఈవిల్, డెత్ స్ట్రాండింగ్, అస్సాసిన్స్ క్రీడ్ మిరాజ్‌లను పెట్టి చూడండి. 2023లో ఆ ఫోన్ ధరే 1,34,900 రూపాయల నుంచి మొదలైంది. అంత పెట్టగలిగినవాడు ఇంట్లో కన్సోల్ కూడా పెట్టుకోగలడు, టీవీ ముందు హాయిగా ఆడుకోగలడు. వాటి అమ్మకాలు అంతంతమాత్రమేనని మార్కెట్ అంచనాలు రావడంలో నాకు వింతేమీ కనిపించలేదు.

ఆటను దూరపు సర్వర్లో నడిపి బొమ్మను మాత్రం ఫోన్‌కు పంపే క్లౌడ్ పద్ధతి ఈ చిక్కులన్నీ తీరుస్తుందని కొందరి ఆశ. వేడి సమస్య వరకు నిజమే. కానీ ఆ పద్ధతిలోనే 2019లో మొదలైన గూగుల్ స్టేడియా 2023 జనవరిలో మూతపడింది. అది మన దేశానికి రానే లేదు. ఆటకు అడుగడుగునా నిలకడైన నెట్ కావాలన్న షరతు పులివెందులకో ఆదోనికో వెళ్లే బస్సులో ఎంతసేపు నిలుస్తుందో ఆ దారిన వెళ్లినవాళ్లకు తెలుసు.

కంపెనీలు ముందు తెరవాల్సింది పదేళ్లు దాటిన ఆటల పెట్టె. పదిహేను వేల రూపాయల ఆండ్రాయిడ్ ఫోన్ ఆ కాలపు ఆటల్లో తేలికైనవాటిని పెద్దగా వేడెక్కకుండా మోయగలదు, వాటి తయారీ ఖర్చు ఎప్పుడో తిరిగొచ్చేసింది, కాబట్టి రెండు మూడు వందల రూపాయలకు అమ్మినా నష్టం లేదు. మొదటి అరగంట ఉచితంగా ఆడనివ్వాలి, తర్వాత ఒకే ధర చెప్పాలి. దాంతోపాటు ఒక పూచీ కూడా ఇవ్వాలి: 2014లో ఐఫోన్‌కు వచ్చిన బయోషాక్ మరుసటి ఏడాదే స్టోర్ నుంచి మాయమైంది, 2017లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11 వచ్చాక, పాతరకం చిప్‌ల కోసం రాసిన 32 బిట్ల ఆటలెన్నో తెరుచుకోవడమే మానేశాయి. గేమ్ సెంటర్లో గంటకు డబ్బు కట్టినవాడికి ఆ గంట తర్వాత ఏమీ మిగలదని ముందే తెలుసు; పూర్తి ధర కట్టి కొన్నవాడికి మాత్రం ఫోన్ మార్చినా ఆట వెంట వస్తుందని ఎన్నేళ్ల వరకు హామీ ఉందో కొనే పేజీలోనే, ధర పక్కనే రాసి ఉండాలి.