సవరణ: అవర్ గ్యాంగ్, లిటిల్ రాస్కల్స్ వేర్వేరు కావు

పాత హాస్య లఘు చిత్రాల బ్లూరేల గురించి నిన్న రాసిన దాంట్లో రెండు తప్పులు దొర్లాయి. ‘లిటిల్ రాస్కల్స్’ అనేది అల్లరి పిల్లల అమెరికన్ హాస్య చిత్రాల వరుస ‘అవర్ గ్యాంగ్’కు పోటీగా వచ్చిన మరో పిల్లల బృందం అన్నాను. శుద్ధ తప్పు. రెండూ ఒకటే.

నిర్మాత హాల్ రోచ్ 1922లో మొదలుపెట్టిన ఈ చిత్రాలను 1938లో ఎంజీఎం స్టూడియోకు అమ్మేశాడు. తర్వాత తాను తీసిన పాతవాటి హక్కులను తిరిగి కొనుక్కున్నాడు కానీ, ‘అవర్ గ్యాంగ్’ పేరు మాత్రం ఎంజీఎం దగ్గరే ఉండిపోయింది. అందుకే 1955లో అమెరికా టీవీలోకి వచ్చేసరికి అవే పిల్లలు, అవే అల్లర్లు, ‘లిటిల్ రాస్కల్స్’ అన్న బోర్డు మాత్రం కొత్తది! ఆ ‘రాస్కల్స్’ మాట కూడా గాల్లోంచి పుట్టలేదు. రోచ్ తొలినాటి టైటిళ్లలోనే వాళ్లను ‘హాల్ రోచ్ సమర్పిస్తున్న తన రాస్కల్స్’ అన్న ధోరణిలో పరిచయం చేసేవాడు. ఇది గుర్తుండి కూడా పొరబడ్డాను, అదే నా బాధ.

రెండోది: క్లాసిక్‌ఫ్లిక్స్ సంస్థ 2021 నుంచి పునరుద్ధరించి తెచ్చిన బ్లూరేల్లో మొత్తం 220 చిత్రాలూ ఉన్నాయన్నట్టు రాశాను. లేవు. 88 మూకీలు, ఎంజీఎం సొంతంగా తీసిన 52 వేరే లెక్క. ఆ వరుస 1929 నుంచి 1938 వరకు రోచ్ తీసిన 80 టాకీల కోసం ఉద్దేశించింది. ఎంజీఎం తీసినవాటిని వార్నర్ ఆర్కైవ్ అనే మరో డిస్కుల సంస్థ విడిగా డీవీడీలుగా తెచ్చింది. నా మాట విని మూకీల కోసం డబ్బు పెట్టినవారుంటే మన్నించాలి.