హెడ్‌లైట్ టపటపలాడితే కనబడతాం సరే, ఆ తర్వాత?

బండి ముందు లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే ఎదుటివాడి చూపు పడి తీరుతుంది, ప్రాణం నిలుస్తుంది, ఇందులో తప్పేముంది అని వాదించేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. హైదరాబాద్ పుత్లీబౌలిలోనో బెజవాడ ఆటోనగర్‌లోనో బండి ఆపితే టీ తాగి వచ్చేలోపు ఫ్లాషర్ బిగించి పంపిస్తారు. నా మాట ముందే చెప్పేస్తా. పగలైనా సరే లైటు వెలగాలి, ఆగకుండా వెలుగుతూనే ఉండాలి. కొట్టుకునే లైటు మాత్రం వద్దు. మన రోడ్ల మీద అసలే వద్దు.

ఫ్లాషర్ కావాలనేవాళ్ల భయం ఉత్తది కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం దాదాపు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను అవి జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. ఇంకో వాహనంతో గుద్దుకున్న కేసుల్లో మూడింట రెండు వంతులు ఆ ఇంకో వాహనం దారి ఇవ్వకపోవడం వల్ల జరిగాయని తేల్చింది. కారువాడు చెప్పే మాట అక్కడా ఇక్కడా ఒకటే: "నేను చూళ్లేదండీ."

ఎందుకు చూడడు? లెక్కేయండి. గంటకు 80 అంటే సెకనుకు 22 మీటర్లు. వంద మీటర్ల దూరంలో ఎదురొచ్చే బైకు హ్యాండిల్ వెడల్పు ముప్పావు మీటరు. కంటికి అది అర డిగ్రీ కూడా ఉండదు. చెయ్యి చాపి చూస్తే చిటికెనవేలి గోరులో సగం. ఆ వంద మీటర్లు నాలుగున్నర సెకన్లలో అయిపోతాయి. పైగా తిన్నగా మన కంటి వైపే వచ్చే వస్తువు పక్కకు జరగదు. వెనకాల చెట్లు, హోర్డింగులు, లారీల మధ్య అదొక కదలని చుక్క. ఆఖరి రెండు సెకన్లలో అమాంతం పెద్దదైపోతుంది. అప్పటికి కారు ముక్కు డివైడర్ గ్యాప్‌లోంచి బయటికొచ్చి ఉంటుంది.

ఇక్కడే అసలు పాయింటు. బైకును చూడటం ఒక పని. అది ఎంత దూరంలో ఉంది, ఎంత స్పీడుగా వస్తోంది అని అంచనా కట్టడం ఇంకో పని. చిన్న వస్తువు ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు, మెల్లగా వస్తున్నట్టు అనిపిస్తుంది. అందుకే బైకును చూసి కూడా "ఇంకా టైముందిలే" అని అడ్డం వచ్చేవాళ్లు బోలెడుమంది. కొట్టుకునే లైటు మొదటి పనికి సాయం చేస్తుంది, ఒప్పుకుంటా. రెండోదానికి చెయ్యకపోగా అడ్డం పడుతుంది. దగ్గరికొస్తున్న కొద్దీ లైటు పెద్దదవుతూ, ప్రకాశం పెరుగుతూ ఉంటేనే కదా కంటికి వేగం తెలిసేది. అదే లైటు సెకనుకు నాలుగుసార్లు మసకబారి మళ్లీ వెలిగితే ఏది దగ్గరికి రావడం, ఏది వెలుగు పెరగడం? ఒక్కో మినుకుకి మధ్య 80 స్పీడులో బండి అయిదున్నర మీటర్లు ముందుకొచ్చేస్తుంది.

ఆ సెకనుకు నాలుగు అనే లెక్క నేను పుట్టించింది కాదు, అమెరికా రూల్‌ది. అక్కడ మోటార్‌సైకిల్ హెడ్‌లైట్ మాడ్యులేటర్ (లైటు వెలుగును తగ్గిస్తూ పెంచుతూ ఉండే పరికరం) చట్టబద్ధం. "అమెరికాలో ఓకే కదా" అని వాదించేవాళ్లు ఆ రూల్ ఒక్కసారి చదవాలి. నిమిషానికి 240 సార్లు, అటూ ఇటూ 40. ప్రతి మినుకులో 50 నుంచి 70 శాతం సమయం పూర్తి వెలుగు ఉండాలి. మిగతా సమయంలోనూ 17 శాతం కంటే తగ్గకూడదు, అంటే లైటు పూర్తిగా ఆరిపోకూడదు. హై బీమో లో బీమో ఒక్కటే కొట్టుకోవాలి, రెండూ కాదు. వెలుతురు తగ్గగానే సెన్సార్ దాన్ని ఆపి మామూలు లైటుగా మార్చేయాలి, రాత్రిపూట వాడకానికి లేదు. మాడ్యులేటర్ చెడిపోయినా రెండు బీములూ పని చేయాలి. స్విచింగ్ పవర్ వైరులోనే ఉండాలి, ఎర్త్ వైపు కాదు.

మన దగ్గర మూడొందలకు దొరికే డబ్బాలో వీటిలో ఎన్ని ఉంటాయి? సెన్సార్ ఉండదు. కనీస వెలుగన్న మాటే లేదు. అది పూర్తిగా ఆర్పి పూర్తిగా వెలిగిస్తుంది, రాత్రి పన్నెండుకు కూడా. అమెరికా పేరు చెప్పి దీన్ని సమర్థించడం కుదరదు. బ్రిటన్ అయితే మాడ్యులేటర్‌ని కూడా ఒప్పుకోదు. మోటార్‌సైకిల్ లైట్లకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి నిబంధన 53 ప్రకారం ఇండికేటర్లు, హజార్డ్ (ఇండికేటర్లన్నీ ఒకేసారి కొట్టుకోవడం) లాంటి హెచ్చరికలు తప్ప ఏ లైటూ మినుకుమనకూడదు.

ఇంతకంటే దరిద్రం ఇంకోటుంది. కొందరు మెకానిక్‌లు ఇండికేటర్‌ని ఆర్పి వెలిగించే స్విచ్చును, అంటే ఫ్లాషర్ రిలేనే తెచ్చి హెడ్‌లైట్‌కి పెట్టేస్తారు. అది రెండు 10 వాట్ల ఇండికేటర్ బల్బుల కోసం చేసింది. దాని మీద 35 వాట్ల హాలోజన్ వేస్తే ఏమవుతుంది? ఫిలమెంట్ చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ చాలా తక్కువ, వెలిగే క్షణంలో మామూలు కరెంటుకు పది రెట్ల దాకా లాగుతుంది. ప్రతి మినుక్కీ ఆ దెబ్బ తగులుతుంటే బల్బు నెలల్లో పోతుంది. రిలే లోపలి కాంటాక్టులు కాలి అతుక్కుంటాయి, లేదా అసలు కలవడం మానేస్తాయి. కలవకపోతే రాత్రి ఘాట్ రోడ్డు మలుపులో లైటు లేకుండా మిగులుతారు. ఇండికేటర్ రిలే నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకుంటుంది కాబట్టి, దూరం నుంచి చూసేవాడికి అది హెడ్‌లైటో ఇండికేటరో కూడా తేడా తెలీదు. వీడు తిరుగుతున్నాడనుకుని వాడు ముందుకొస్తాడు. హెచ్‌ఐడీ బల్బుకి (ఫిలమెంట్ లేకుండా ఆర్క్‌తో, అంటే విద్యుత్ మెరుపుతో వెలిగేది) ఫ్లాషర్ పెట్టడమైతే ఇంకా అమాయకత్వం. ప్రతిసారీ ఆర్క్ కొత్తగా అంటుకోవాలి, దానికి కరెంటిచ్చే బ్యాలస్ట్ ఊరుకుంటుందా. పాత కమ్యూటర్ బళ్లు చాలావాటిలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాకుండా నేరుగా మాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే ఏసీ కరెంటు మీద నడుస్తుంది (ఐడిల్‌లో లైటు డల్ అయ్యేది అందుకే). డీసీ కోసం చేసిన మాడ్యూల్ వాటి మీద సరిగా పనే చెయ్యదు.

సరే, వైరింగ్ అంతా పక్కాగా ఉందనుకుందాం. అప్పుడు కూడా మన రోడ్డు మీద ఫ్లాష్‌కి అర్థమేంటి? బ్రిటన్ హైవే కోడ్ ప్రకారం "నేనిక్కడున్నా" అని తెలపడానికి మాత్రమే ఫ్లాష్ కొట్టాలి. అక్కడి జనం వాడుకలో మాత్రం అది "నువ్వు వెళ్లు" అయి కూర్చుంది. మన దగ్గర లారీ డిప్పర్ కొట్టిందంటే "నేను ఆగను, నువ్వే తప్పుకో" అని. ముందు పోలీసు చెకింగ్ ఉందనీ అదే. హై బీమ్ దించమనీ అదే. ఓవర్‌టేక్ చేస్తున్నాననీ అదే. ఆపకుండా ఫ్లాష్ కొడుతూ వచ్చే బైకు వీటిలో ఏది చెబుతున్నట్టు? చౌటుప్పల్ దాటాక ఎన్‌హెచ్-65 మీద డివైడర్ గ్యాప్ దగ్గర నిలబడ్డ ట్రాక్టరాయన దాన్ని తనకు నచ్చినట్టే అర్థం చేసుకుంటాడు. అందులో ఆయన తప్పేం లేదు.

2017 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే ప్రతి ద్విచక్ర వాహనానికీ ఇంజిన్ స్టార్ట్ అవగానే హెడ్‌లైట్ తనంతట తాను వెలగాలని రూల్ వచ్చింది. లైట్ ఆర్పే స్విచ్చే తీసేశారు. ఎదురొచ్చేవాళ్లందరూ చెయ్యెత్తి వేళ్లు మూస్తూ తెరుస్తూ "బాబూ లైటు వెలుగుతోంది" అని సైగ చేయడం గుర్తుందా? ఇప్పటికీ ఊళ్లల్లో పెద్దాయనలు చేస్తారు. మేం నవ్వుకుంటాం గానీ, ఆ సైగే ఈ రూల్ పని చేస్తోందనడానికి సాక్ష్యం. పట్టపగలు, ఎదురు లేన్‌లోంచి, అడగకపోయినా ఆయన మీ బండిని చూశాడు! ఫ్లాషర్ లేకుండానే.

అదే ఏడాది మే 1 నుంచి మంత్రుల కార్ల మీద బుగ్గలు తీసేశారు. వీఐపీ సంస్కృతి పోవాలని తీసేసినా, మినుకుమనే లైటంటే అంబులెన్సో, ఫైరింజనో, పోలీసో అని జనానికి అర్థమయ్యే వీలు దొరికింది. ఇప్పుడు ప్రతి మూడో బండికీ ఎరుపు నీలం మినుకు లైటు. ఇక 108 వెనకాల వస్తున్నా అద్దంలో చూసి "ఎవడో కుర్రాడు" అనుకునే రోజు దూరంలో లేదు. అందరూ కొట్టుకునే లైట్లు పెట్టుకున్న రోజున దాని ప్రత్యేకతా ఉండదు. మొదట్లో కళ్లు లాగేది కొత్తదనమే.

హెడ్‌లైట్ కొట్టుకుంటుంటే దాని పక్కనున్న ఇండికేటర్ కనబడకుండా పోతుంది. కార్లలో ఇండికేటర్ వేస్తే ఆ వైపు డీఆర్ఎల్ (పగలు వెలిగే లైటు) ఆరిపోయేది లేదా మసకబారేది ఈ కారణానికే. హజార్డ్ వేసుకుని కూడలిలో "నేను తిన్నగా వెళ్తున్నా" అనే మహానుభావుల గురించి వేరే పోస్టు రాయాలి. పక్కనున్నవాడికి ఒక ఇండికేటరే కనబడుతుంది, అటు తిరుగుతున్నారనుకుంటాడు. వానలో కదులుతూ హజార్డ్ వేయడమూ అంతే.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిని కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చొద్దంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం యజమాని అనుమతి లేని మార్పు చేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకీ ఐదువేల జరిమానా, లేదా రెండూ. వైరింగ్ కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ మీద ఆశ వదులుకోండి.

మరి కనబడాలంటే ఏం చేయాలి? ముందు ఉన్న లైటును సరిగా పెట్టుకోండి. సగం బళ్లకు లో బీమ్ ఆకాశంలోకో, ముందు చక్రం మీదికో చూస్తుంటుంది. టైర్లలో గాలి సరిచూసి, చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలబెట్టండి. స్టాండ్ తీసి మీరు ఎక్కి కూర్చోవాలి. ఇంకొకరు నేల నుంచి హెడ్‌లైట్ మధ్యకు ఎత్తు కొలిచి గోడ మీద సుద్దతో గీత గీయాలి. లో బీమ్ పైఅంచు ఆ గీతకు 10 సెంటీమీటర్లు కింద పడాలి. తేడా ఉంటే హెడ్‌లైట్ కింద ఉండే స్క్రూ తిప్పండి. పాత గుండ్రటి లైట్లకైతే రెండు పక్కలా బోల్టులు వదులు చేసి వంచాలి. వెనక మనిషో గ్యాస్ సిలిండరో ఎక్కితే బండి ముక్కు లేస్తుంది, బీమ్ ఎదుటివాడి కళ్లలో పడుతుంది. రోజూ ఇద్దరు తిరిగే బండి అయితే ఇద్దరూ కూర్చునే సెట్ చేయండి, లేదా వెనక షాక్ అబ్జార్బర్ ఒకటి రెండు గాట్లు బిగించండి.

బల్బు దగ్గర అత్యాశ వద్దు. 35/35 వాట్ల హెచ్‌ఎస్1 రకం బల్బు కోసం చేసిన హోల్డర్‌లో 60/55 లేదా 90/100 వాట్ల హెచ్4 రకం బల్బు ఇరికిస్తే కనెక్టర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మసకబారుతుంది, ఛార్జింగ్ చాలదు. హాలోజన్ రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగొచ్చే చోటు ఫిలమెంట్ ఉన్న చోటికి సరిగ్గా కుదరదు, బీమ్ చెల్లాచెదురవుతుంది. మీకు తెల్లగా బాగుంటుంది, ఎదుటివాడికి ముల్లు. పగలు హై బీమ్ వేసుకు తిరగడం కూడా ఇదే కోవ.

వేగం అంచనాకు నిజంగా పనికొచ్చేది ఇంకోటుంది. 2012లో బ్రిటన్‌లో రాయల్ హాలోవే పరిశోధకులు చూపించారు: ఒక్క లైటు బదులు మూడు లైట్లు త్రికోణంలో ఉంటే, తక్కువ వెలుతురులో బైకు వేగాన్ని జనం మెరుగ్గా పసిగడతారు. లైట్ల మధ్య ఎడం పెరుగుతుండటం కంటికి తెలుస్తుంది కాబట్టి. హెడ్‌లైట్‌కి తోడు కింద రెండు వైపులా, నిలకడగా వెలిగే చిన్న లైట్లు. కంపెనీ అధికారిక యాక్సెసరీగా అమ్మేవే తీసుకోండి, రిలే, ఫ్యూజ్, వైరింగ్ దానితోనే వస్తాయి. బీమ్ నేలకు చూడాలి. బయట దొరికే తెలుపు-పసుపు-ఫ్లాష్ మూడు మోడ్‌ల లైట్ల జోలికి పోవద్దు. పవర్ తీసి ఇచ్చిన ప్రతిసారీ మోడ్ మారుతుంది వాటికి. స్విచ్ కాంటాక్టు ఒక్క గుంతలో అదిరినా, మీకు తెలియకుండానే ఫ్లాష్‌లోకి వెళ్లి కూర్చుంటుంది.

మిగతాది చేతిలో ఉంది. ఎడమ చూపుడువేలి కింద పాసింగ్ స్విచ్, నొక్కినంతసేపే హై బీమ్ వెలిగించేది. గ్యాప్ దగ్గర కారు ముక్కు కనబడితే 150 మీటర్ల ముందే రెండుసార్లు నొక్కండి, ఇరవై మీటర్లకొచ్చాక కాదు. ఎడమ పక్క రోడ్డులోంచి బండి వచ్చేలా ఉంటే మీ లేన్‌లోనే కాస్త కుడికి జరగండి. ఆ పక్క కదలికకే కదలని చుక్క కాస్తా కదిలే బండి అవుతుంది. వేళ్లు బ్రేకు మీద పెట్టి 80 నుంచి 60కి దిగండి. ఆలోచించడానికి ఒక సెకను కలుపుకుని, పొడి రోడ్డు మీద గట్టి బ్రేకుతో 80లో ఆగడానికి 63 మీటర్లు పడితే, 60లో 40 చాలు.

ఇప్పటికే ఫ్లాషర్ బిగించి ఉంటే తీయడం కష్టం కాదు. బ్యాటరీ నెగెటివ్ విప్పండి. హెడ్‌లైట్ కప్పు తీసి, మాడ్యూల్‌కి వెళ్లే వైర్లు ఎక్కడ కోసి కలిపారో చూడండి. కంపెనీ వైరు రెండు కొసలూ మళ్లీ సోల్డర్ చేసి, ష్రింక్ స్లీవ్ తొడగండి. నల్ల టేపు ఒక్కటే చుట్టి వదిలేస్తే మొదటి వానకే ఊడుతుంది. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి వైరు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూసుకోండి. ఫ్యూజ్ కంపెనీ చెప్పిన ఆంపియర్‌దే ఉందా చూడండి. ఫ్లాషర్ పెట్టినవాడు ఫ్యూజ్ ఊరికే పోతోందని పెద్దది వేసి ఉంటాడు.